బ్యాటిల్‌స్టార్ గలాక్టికా చివరి ఎపిసోడ్: ఓడలన్నీ సూర్యుడిలోకి పంపేస్తుంటే ఒక్కరూ వద్దనలేదేం?

గోదారిగట్టు
తాము చేసిన యంత్రాలే (సైలన్‌లు) తిరగబడి తమ గ్రహాల్ని నాశనం చేస్తే, మిగిలిన మనుషులు గలాక్టికా అనే యుద్ధనౌక వెంట అంతరిక్ష ఓడల్లో పారిపోతూ భూమిని వెతికే అమెరికన్ సీరియల్ ఇది. నాలుగు సీజన్లూ పూర్తయ్యాయి. చివరిదైన ‘డేబ్రేక్’ నిన్న రాత్రి చూశాను. పొద్దున్నుంచీ ఆఫీసులో మనసు పని మీద లేదు. 2009లో వచ్చినదే అయినా చెప్తున్నా, ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

నా గొడవ దేవదూతల గురించి కాదు. అడ్మిరల్ అడామా కొడుకు లీ అటు తిరిగి ఇటు చూసేసరికి పైలట్ స్టార్‌బక్ మైదానంలోంచి మాయమైపోవడం గురించీ కాదు. అవి నాకు నచ్చాయి కూడా. మనుషులు చివరికి ఒక పచ్చటి గ్రహం మీద దిగుతారు కదా. అప్పుడు లీ అంటాడు, ఊళ్ళు కట్టొద్దు, యంత్రాలు వద్దు, కొత్తగా మొదలుపెడదాం అని. అంతే. మిగిలిన దాదాపు 38 వేల మందీ సరేననేస్తారు. ఆండర్స్ ఓడలన్నిటినీ సూర్యుడి వైపు నడుపుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ ఓడల్లో ఆసుపత్రి ఉంది, మందులున్నాయి, పనిముట్లున్నాయి.

ఈ సీరియల్‌లో అంతకుముందు ఏ నిర్ణయమైనా గొడవ లేకుండా జరిగిందా? ఇంధనం శుద్ధి చేసే ఓడలో పనివాళ్ళ బాధలు చూసి గలాక్టికా మెకానిక్‌ల పెద్ద టైరల్ సమ్మె చేయిస్తే దాని మీద ‘డర్టీ హ్యాండ్స్’ అని ఎపిసోడ్ మొత్తం నడిపారు. సమ్మె ఆపకపోతే టైరల్ భార్య కాలీని గోడకి నిలబెట్టి కాల్పిస్తానని అడామా బెదిరించాడు. ‘ద కెప్టెన్స్ హ్యాండ్’లో జనాభా తగ్గిపోతోందని అధ్యక్షురాలు రోజ్‌లిన్ అబార్షన్ నిషేధిస్తే, దాన్నే పట్టుకుని శాస్త్రవేత్త బాల్టార్ ఎన్నికల్లో నిలబడ్డాడు. నీళ్ళ గురించి కొట్టుకున్నారు, మందుల బ్లాక్‌మార్కెట్ గురించి కొట్టుకున్నారు. అలాంటి జనం ఇంత పెద్ద విషయానికి చేతులు కట్టుకుని తలూపారంటే నేను నమ్మలేకపోతున్నాను. మీలో ఎవరికైనా ఇది కుదిరినట్టు అనిపించిందా?

వైపర్_వేణు
నాకు స్టార్‌బక్ దగ్గరే ఆగిపోయింది. తన శవం తనే కాల్చుకున్న మనిషి ఎవరో చెప్పకుండా సీరియల్ అయిపోవడం ఏంటి? మిగతాదంతా తర్వాతి సంగతి.

గోదారిగట్టు
వేణూ, దాని మీద పాత దారంలో పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇక్కడ ఓడల గురించే మాట్లాడుకుందాం, దయచేసి.

డల్లాస్_బాబాయ్
ఇది వస్తున్న రోజుల్లోనే శుక్రవారం రాత్రులు కూర్చుని చూసినవాణ్ణి. మధ్యలో రచయితల సమ్మె వచ్చి నాలుగో సీజన్ రెండు ముక్కలైంది. ‘రెవెలేషన్స్’ 2008 జూన్‌లో వచ్చింది, తర్వాతి ఎపిసోడ్ కోసం మళ్ళీ జనవరి దాకా ఆగాం. ఎట్టకేలకు భూమి దొరికిందనుకుంటే అది బూడిద దిబ్బ. ఆ బూడిద చూసి ఏడు నెలలు ఎదురుచూడటం ఎలా ఉంటుందో వరసగా చూసేసే మీకు తెలియదు.

ఇక నీ ప్రశ్న. లాయరు లాంప్‌కిన్ చివర్లో ఇదే మాట అంటాడు, గమనించావా? అందరూ ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటని తనకే ఆశ్చర్యంగా ఉందంటాడు. గతమంతా తుడిచేసుకుని మొదలుపెట్టాలన్న కోరికను తక్కువ అంచనా వేయొద్దని అడామా జవాబిస్తాడు. అంటే రాసినవాళ్ళకి ఈ సందేహం వస్తుందని తెలుసు.

గోదారిగట్టు
గమనించాను బాబాయ్. నాకు మరీ కోపం వచ్చింది అక్కడే. సందేహం ఉందని ఒక పాత్ర చేత అనిపిస్తే సందేహం తీరిపోతుందా? ఒక లాయరు, ఒక అడ్మిరల్ రెండు ముక్కలు మాట్లాడుకున్నారు. జనం మాట ఏది?

అమీర్‌పేట_నైట్‌షిఫ్ట్
జనం మాట సరే గానీ, నేనిప్పుడే మొదటి సీజన్‌లో ‘33’ చూశాను. ఈ దారం చదివితే అన్నీ తెలిసిపోతాయని తెలుసు, అయినా ఆగలేకపోయాను. ప్రతి 33 నిమిషాలకీ సైలన్‌లు వచ్చి పడటం, వీళ్ళు జంప్ చేసి, అంటే ఒక్క క్షణంలో ఇంకో చోటికి దూకి, తప్పించుకోవడం, మళ్ళీ గడియారం మొదలవడం. 130 గంటలు దాటింది, 237 జంప్‌లు, ఎవరికీ నిద్ర లేదు. నేను రాత్రి షిఫ్టులో కాల్స్ తీసుకునే మనిషిని. ఆ కళ్ళు, పక్కవాడి మీద ఊరికే విసుక్కోవడం, ఒక మాట రెండుసార్లు చెప్తే గానీ ఎక్కకపోవడం, అంతా నిజం. ఇంతకీ 33 నిమిషాలే ఎందుకు?

డల్లాస్_బాబాయ్
ఎందుకో సీరియల్‌లో ఎక్కడా చెప్పరు. రొనాల్డ్ మూర్ కావాలనే వదిలేశాడు. చెప్పి ఉంటే ఆ ఎపిసోడ్‌లో భయం సగం పోయేది. దానికి 2005లో హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

వైపర్_వేణు
నైట్‌షిఫ్ట్ బ్రదర్, టైటిల్స్ చివర డప్పులు మొదలవగానే కళ్ళు మూసుకో. ఆ కొన్ని సెకన్లలో ఆ రోజు ఎపిసోడ్ మొత్తం చూపించేస్తారు.

అమీర్‌పేట_నైట్‌షిఫ్ట్
ఇప్పుడా చెప్పేది 😭

వేదుల_వారబ్బాయి
టైటిల్స్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మొదటిసారి ఆ టైటిల్ సాంగ్ విన్నప్పుడు మీకేమనిపించింది? గాయత్రి మంత్రం. ఋగ్వేదం మూడో మండలంలోది, విశ్వామిత్రుడిది. మా ఇంట్లో సంధ్యావందనంలో తప్ప గట్టిగా పలకరు. అంతరిక్ష యుద్ధం మీద, అదీ ఆడగొంతుతో నెమ్మదిగా ‘తత్సవితుర్వరేణ్యం’ అని వస్తుంటే నాకు మొదట ఇబ్బందిగా అనిపించింది. నాన్నగారు హాల్లోంచి వచ్చి నిలబడి చివరిదాకా విన్నారు. ఏమీ అనలేదు. మర్నాడు మళ్ళీ పెట్టమన్నారు.

డల్లాస్_బాబాయ్
ఆ టైటిల్ సాంగ్ చేసింది రిచర్డ్ గిబ్స్. సీరియల్‌కి మిగతా సంగీతం చాలావరకు బేర్ మెక్రియరీది. తమాషా ఏంటంటే అమెరికాలో మొదటి సీజన్‌కి ఈ పాట లేదు, టైటిల్స్‌కి వేరే సంగీతం ఉండేది. 2004 అక్టోబరులో మాకంటే ముందు ఇంగ్లండ్‌లో మొదలైంది కదా, అక్కడివాళ్ళకి మొదటినుంచీ ఈ మంత్రమే. మాకు రెండో సీజన్ నుంచి వచ్చింది.

కాకినాడ_కాజా
వెలుగు చూపించమని అడిగే మంత్రం, దారి తప్పి చీకట్లో తిరిగే ఓడల మీద వేశారు. నాకైతే అంతకంటే సరైన చోటు కనిపించలేదు. పైగా జరిగిందే మళ్ళీ మళ్ళీ జరుగుతుందని వీళ్ళ మతగ్రంథంలో ఉండటం చూస్తే యుగాలు తిరగడం గుర్తురాలేదా ఎవరికీ?

వేదుల_వారబ్బాయి
గుర్తొచ్చింది గానీ రెండూ ఒకటి కాదు కాజా గారూ. మన దగ్గర కలి తర్వాత మళ్ళీ కృతయుగం వస్తుంది, దాన్ని ఎవరూ ఆపాలనుకోరు. వీళ్ళకి ఆ చక్రం ఒక శాపం. మనుషులు యంత్రాల్ని పుట్టించడం, వాటిని బానిసలుగా చూడటం, అవి తిరగబడటం. కోబోల్‌లో అదే, మొదటి భూమి మీద అదే, కాలనీల్లో అదే. ఓడల్ని సూర్యుడిలోకి పంపడం ఆ చక్రాన్ని తెంపడానికి. గోదారిగట్టు గారూ, అలా చూస్తే లీ మాటలో అర్థం లేదంటారా?

గోదారిగట్టు
లీ మాటలో అర్థం ఉంది. లీ ఒక్కడికి ఆ హక్కు ఎక్కడిది అన్నదే నా బాధ.

విశాఖ_బోసన్
నేను ఓడ మీద పనిచేసేవాణ్ణి. మీరంతా గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నారు, ఏమీ అనుకోకండి.

వాళ్ళు నాలుగేళ్ళు ఇనప గోడల మధ్య ఉన్నారు. పీల్చిన గాలే మళ్ళీ పీల్చారు. తిండి అయిపోతే నాచు తిన్నారు, ‘ద ప్యాసేజ్’లో దాని కోసం పైలట్ క్యాట్ ప్రాణం పోగొట్టుకుంది. మధ్యలో న్యూ కాప్రికా మీద దిగితే అక్కడ బురద, చలి, ఆ పైన సైలన్‌ల పాలన. మళ్ళీ ఓడలే. నేను నెలల తరబడి ఇంజిన్ మోత మధ్య పడుకుంటాను. సైన్ ఆఫ్ అయ్యి గ్యాంగ్‌వే దిగేరోజు బూటు కింద నేల కదలకుండా ఉంటుంది చూశారా, ఆ క్షణంలో ఎవరైనా వచ్చి ఆ ఓడని ముంచేస్తున్నాం, సంతకం పెట్టమంటే పెన్ను నేనే ఇస్తాను. నాకు ఇంటికెళ్ళాక మళ్ళీ జీతం కోసం ఎక్కాలన్న ఆలోచన ఉంటుంది. వాళ్ళకి ఆ అవసరం కూడా లేదు. 38 వేల మందీ ఒప్పుకున్నారంటే నేను నమ్ముతాను.

వైపర్_వేణు
బోసన్ అన్నా, ఒక్క పోస్టుతో నన్ను అటువైపు లాగేశావ్.

పాడేరు_ఏఎన్ఎం
నన్ను లాగలేదు తమ్ముడూ.

అన్నగారు చెప్పిన అలసట నాకు అర్థమైంది. ఆ ఓడల్లో ఆడవాళ్ళు కూడా ఉన్నారు కదా. ‘33’ చివర గుర్తుందా? రోజ్‌లిన్ ఆఫీసులో తెల్లబోర్డు. ఎంతమంది బతికున్నారో అందులో రాసి ఉంటుంది. ఒలింపిక్ క్యారియర్ అనే ఓడని కూల్చేశారు, అందులో 1,345 మంది. రోజ్‌లిన్ మొహంలో రక్తం లేదు. అప్పుడు ఆవిడ సహాయకుడు బిల్లీ వచ్చి రైజింగ్ స్టార్ అనే ఓడలో మగపిల్లాడు పుట్టాడని చెప్తాడు. ఆవిడ లేచి బోర్డు దగ్గరికెళ్ళి 47,972లో చివరి అంకె చెరిపి 3 రాస్తుంది. డ్యూటీ నుంచొచ్చి చూశాను, వెక్కి వెక్కి ఏడ్చాను. ఒక్క కాన్పుకి అంత విలువ ఇచ్చిన సీరియల్ నేను ఇంకోటి చూడలేదు.

నేను ఏజెన్సీలో పనిచేస్తాను. వానాకాలం గెడ్డ పొంగితే అంబులెన్సు రోడ్డు మీదే ఆగిపోతుంది. పైనుంచి గర్భిణిని డోలీలో మోసుకొస్తారు, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, పైన ప్లాస్టిక్ పట్టా. మేం ఎదురెళ్తాం. నా భుజాన ఉండే చిన్న ఐస్ బాక్సులో ఆక్సిటోసిన్ ఉంటుంది. బిడ్డ బయటపడిన నిమిషంలోపు ఆ సూది వేయాలి, లేకపోతే రక్తం ఆగకపోవచ్చు. ఆ సూది లేని కాన్పు ఎలా ఉంటుందో మా ఊళ్ళలో ముసలమ్మలు చెప్తారు. ప్రతి ఇంట్లో ఒక పేరు ఉంటుంది.

ఇప్పుడు వీళ్ళు ఆ ఐస్ బాక్సుని సూర్యుడిలో పారేశారు. జనాభా పెరగాలని అబార్షన్ నిషేధించినవాళ్ళు, కాన్పుకి కావలసినవి మాత్రం కొత్త జీవితం పేరుతో వదిలేశారు. అందులో నెలలు నిండిన ఆడపిల్ల ఒక్కతయినా ఉండి ఉండదా? ఆమెని ఎవరైనా అడిగారా?

కాకినాడ_కాజా
అక్కా 🙏 ఇలా నేనెప్పుడూ ఆలోచించలేదు.

విశాఖ_బోసన్
చెల్లెమ్మా, నువ్వు చెప్పింది నిజం. నేను ఓడ దిగే మగాడి వైపునుంచి చెప్పాను.

పాలమూరు_పిల్లగాడు
నాకైతే ఆ ఎపిసోడ్‌లో ఓడలు గుర్తులేవు, బాల్టార్ ఒక్కడే గుర్తున్నడు. అంతా అయిపోయినంక మూట సర్దుకుని నడుస్తుంటే మనిషి రూపంలో ఉన్న సైలన్ సిక్స్‌తో అంటడు, వ్యవసాయం గురించి నాకు తెలుసు అని. ఆ మాట పూర్తికాకముందే ఏడుపొస్తది. నాలుగు సీజన్లు దేశద్రోహం చేసినోడు, ప్రాణం కోసం ఎంతకైనా దిగజారినోడు, ఆ ఒక్క వాక్యంతో నాకు దగ్గరోడైండు.

మీరు చెప్పిన ‘డర్టీ హ్యాండ్స్’లోనే దీనికి మూలం ఉంది. జైల్లో టైరల్‌తో మాట్లాడుతూ తనది ఏరిలాన్ అని, అది రైతుల గ్రహమని చెప్తడు. చిన్నప్పుడే తన యాస మార్చుకుని కాప్రికా వాళ్ళలెక్క మాట్లాడటం నేర్చుకున్నాడట. ఒక్కసారిగా పాత యాసలో మాట్లాడి చూపిస్తడు, అదే మనిషి నోట్లోంచి ఇంకో మనిషి బయటికొచ్చినట్లయితది. నేను ఇంటర్‌కి హైదరాబాద్ వచ్చినప్పుడు హాస్టల్‌లో నా మాట విని నవ్వేవాళ్ళు. రెండు నెలల్లో మార్చేసిన. ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ అడిగింది, ఎవరు బిడ్డా మాట్లాడేది అని. ఇప్పుడు మార్చను, ఇక్కడ కూడా ఇట్లనే రాస్త. బాల్టార్ చివరికి మట్టి దగ్గరికి పోవడం నాకు న్యాయంగా అనిపించింది.

డల్లాస్_బాబాయ్
‘డేబ్రేక్’ మొదటి భాగంలో బాల్టార్ నాన్నని చూపించడం కూడా దానికే. ముసలాయన నర్సుని పొడిచి గొడవ చేస్తే, సిక్స్ ఆయన్ని తోట ఉన్న చోట చేర్పిస్తుంది. అక్కడ మొక్కలు పెంచుకుంటూ సంతోషంగా ఉంటాడు. అవి ఎందుకు చూపిస్తున్నారో అప్పట్లో మాకు అర్థం కాక తిట్టుకున్నాం.

అమీర్‌పేట_నైట్‌షిఫ్ట్
నేను మొదటి సీజనే, ఇప్పటికే బాల్టార్ కోసం బాధపడుతున్నాను. మీరు మామూలు మనుషులు కాదు.

వైపర్_వేణు
నువ్వు ‘ఎక్సోడస్’ రెండో భాగం దాకా వచ్చాక ఇక్కడ ఒక పోస్టు పెట్టు. గలాక్టికా వాతావరణంలోకి జంప్ చేసి మంటలతో రాయిలా కిందకి పడుతుంటే, పడుతూనే చిన్న యుద్ధవిమానాలైన వైపర్లని వదిలి, నేల తగిలే ముందు మళ్ళీ జంప్ చేస్తుంది. మా హాస్టల్ గదిలో మొదటి రోజు మొదటి ఆటకి వేసినట్టు విజిల్స్ వేశాం. వార్డెన్ వచ్చాడు, ఆయన కూడా నిలబడి చూశాడు.

గోదారిగట్టు
ఆ విజిల్స్ పడిన ఎపిసోడ్‌లోనే అడామా కింది అధికారి టై తన భార్యకి విషం ఇస్తాడు. ఈ సీరియల్ గొప్పతనం అదే. గెలుపు చూపించినా దానికి ఎవరు ఎంత కట్టారో చూపిస్తుంది. చివర్లో ఆ లెక్క చూపించలేదనే నా ఏడుపంతా.

సింగరేణి_చిన్నోడు
చాలాసేపటినుంచి చదువుతున్నా. మీ ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది, మీకు నచ్చకపోవచ్చు. వద్దనేవాళ్ళు ఎందుకు లేరంటే, వద్దనేవాళ్ళని అప్పటికే చంపేశారు కాబట్టి.

గలాక్టికా అధికారి గేటాని గుర్తు తెచ్చుకోండి. రెండో సీజన్ చివర ఎన్నికల్లో రోజ్‌లిన్ మనుషులు దొంగ ఓట్లు వేయించారు. దాన్ని పట్టుకున్నది గేటా. తనకి ఇష్టమైన మనిషి కోసం కాదు, లెక్క తప్పింది కాబట్టి చెప్పాడు. గెలిచిన బాల్టార్ దగ్గర పనిచేశాడు, న్యూ కాప్రికాలో సైలన్‌ల మధ్య కూర్చుని తిరుగుబాటుదార్లకి సమాచారం పంపాడు, కుక్క గిన్నె బోర్లించి సైగ చేస్తూ. అంత చేస్తే ‘కొలాబొరేటర్స్’లో ద్రోహి అని ఎయిర్‌లాక్‌లోకి తోయబోయారు. తర్వాత సొంతవాళ్ళ తూటాతో కాలు పోయింది. సైలన్‌లతో పొత్తు పెట్టుకుంటున్నాం అని అడామా ప్రకటిస్తే, ఎవర్ని అడిగి అన్నాడు. గోదారిగట్టు గారూ, మీరు అడిగే ప్రశ్నే అది. అదే ప్రశ్నతో ‘ది ఓత్’లో తిరుగుబాటు చేశాడు.

అతను ఉపాధ్యక్షుడు జారెక్‌ని నమ్మడం వల్ల జరిగిన ఘోరం నేను దాచను. క్వోరమ్ సభ్యుల్ని, అంటే కాలనీల ప్రతినిధుల్ని, గదిలో నిలబెట్టి కాల్పించింది జారెక్. ఆ గదిలో ఉన్న ప్రతినిధులంతా అక్కడే పోయారు. ఆ తర్వాత గేటాని, జారెక్‌ని పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి కాల్చేశారు. ఆఖరి క్షణంలో గేటా తెగిన కాలు వైపు చూసుకుంటాడు. ఎపిసోడ్ల పొడుగునా వేధించిన దురద ఆగిపోయింది, అదే మాట అంటాడు.

క్వోరమ్ లేదు. గేటా లేడు. జారెక్ లేడు. డీ తనని తానే కాల్చుకుంది. కాలీ పోయింది. ఆ మైదానంలో చేయి ఎత్తి మాట్లాడే అలవాటు ఉన్నవాళ్ళు ఎవరు మిగిలారు? ఆ నిశ్శబ్దం నాకు వింతగా అనిపించలేదు. అది ఫిబ్రవరిలో వచ్చిన ఎపిసోడ్లలో తుపాకులతో మొదలైంది, మార్చిలో వచ్చిన చివరి ఎపిసోడ్‌లో మనం విన్నాం.

డల్లాస్_బాబాయ్
చిన్నోడా, పదిహేనేళ్ళుగా ఈ సీరియల్ గురించి మాట్లాడుతున్నాను. ఈ రెండిటినీ కలిపి చూడలేదు.

వేదుల_వారబ్బాయి
ఒక్క అభ్యంతరం. తర్వాత లీ ఓడల వారీగా కొత్త క్వోరమ్ పెట్టించాడు కదా? ప్రతినిధులే లేరనడానికి వీల్లేదు.

సింగరేణి_చిన్నోడు
పెట్టించాడు. దాన్ని పెట్టించింది కూడా లీనే, ఓడలు వదిలేద్దామన్నదీ లీనే. అందుకే అంటున్నా.

గోదారిగట్టు
చిన్నోడు గారూ, మీ పోస్టు నాలుగుసార్లు చదివాను. గేటా నాకు మొత్తం సీరియల్‌లో చాలా ఇష్టమైన మనిషి, అతను ఉంటే ఆ మైదానంలో నిలబడి ఏం అనేవాడో ఇప్పుడు నాకు స్పష్టంగా వినిపిస్తోంది. అయితే ఈ సంగతి మనం కూడగట్టి చెప్పుకుంటున్నాం. సీరియల్ చెప్పలేదు. సూర్యుడి వైపు ఓడలు వెళ్తుంటే వెనక పాత గలాక్టికా సీరియల్ సంగీతం వేశారు, అందంగా చూపించారు. ఆ నిశ్శబ్దానికి కారణం ఇదే అయితే ఆ సీన్‌లో కాస్త సిగ్గు కనబడాలి. నాకు కనబడలేదు.

సింగరేణి_చిన్నోడు
అది ఒప్పుకుంటా. అంత అందంగా తీయాల్సింది కాదు.

పాడేరు_ఏఎన్ఎం
గేటా లేడు, సరే. డాక్టరు కాటిల్ ఉన్నాడు కదా తమ్ముళ్ళూ. యుద్ధానికి ముందు రోజ్‌లిన్ ఆయనకి థాంక్స్ చెప్తుంటే ఆ ముసలాయన కళ్ళలో నీళ్ళు, సిగరెట్ ముట్టించి గొణుక్కుంటూ పొమ్మంటుంది. అంత మొండి డాక్టరు. మందుల్లేక రోగుల ముందు నిలబడటం ఆయనకి తెలిసినంతగా ఆ ఓడల్లో ఇంకెవరికీ తెలీదు. ఆయన అడ్మిరల్‌కి కూడా భయపడడు. కనీసం నా ఆపరేషన్ టేబుల్ దించండి, తర్వాత మీ ఓడల్ని ఎక్కడికైనా పంపుకోండి అని ఆయన ఒక్క కేక వేసి ఉంటే చాలు, ఆ ఎపిసోడ్‌ని నేను క్షమించేదాన్ని.

విశాఖ_బోసన్
ఆ కేక వేస్తే టేబుల్ దించడానికి నేను వెళ్ళేవాణ్ణి చెల్లెమ్మా.